ఆ అరసెకను ఎక్కడ ఆగింది?

2022 డిసెంబర్ 18, ఆదివారం. ఖతార్ జాతీయ దినోత్సవం కూడా, అందరికీ సెలవు. లుసైల్ స్టేడియంలో అర్జెంటీనా, ఫ్రాన్స్ ఫైనల్ ఆడుతున్నాయి. దోహాలో మా ఫ్లాట్ హాలు నిండా జనం. రెండు కుటుంబాలు, ఐదుగురు పిల్లలు, పెద్ద గిన్నెడు పులిహోర, పళ్లెం నిండా మిరపకాయ బజ్జీలు. అర్జెంటీనా రెండు గోల్స్ ముందుంది, ఆట ఇంకో పది నిమిషాలే ఉంది, ఇక గెలిచినట్టేనని పిల్లలు గంతులు మొదలుపెట్టారు. అంతలో పక్క ఫ్లాట్ నుంచి గోడ అదిరేలా ఒక కేక. మా టీవీలో చూస్తే బంతి ఇంకా మైదానం మధ్యలోనే ఉంది. "ఏమైందమ్మా వాళ్లకి?" అంది మా చిన్నది. కాసేపటికి మా తెరమీద ఎంబాపే గోల్ కొట్టాడు. అది మింగుడుపడేలోగా గోడ అవతల ఇంకో కేక. 97 సెకన్ల వ్యవధిలో రెండు గోల్స్. రెండోది చూడకముందే మాకు సంగతి తెలిసిపోయింది.

మర్నాడు లిఫ్టులో పక్కింటావిడ కనిపిస్తే అడిగాను. వాళ్లది డిష్. మాది ఇంటర్‌నెట్ యాప్.

తమాషా ఏమిటంటే, డిష్‌కి వచ్చే సిగ్నల్ భూమికి 35,786 కిలోమీటర్ల పైనున్న ఉపగ్రహం దాకా ఎక్కి, మళ్లీ అంత దూరమూ దిగి రావాలి. మొత్తం సుమారు 72,000 కిలోమీటర్లు. మా యాప్‌కి వచ్చేదేమో నేలలో వేసిన ఫైబర్ కేబుల్లోంచి. అయినా ఆకాశమెక్కి దిగిందే ముందొచ్చింది. రేడియో తరంగాలు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు వెళ్తాయి కాబట్టి ఆ ప్రయాణానికి పట్టేది పావు సెకనే. మా యాప్ వెనకబడింది దూరం వల్ల కాదు, దారిలో ఆగడం వల్ల.

యాప్‌లో ఆటని ముక్కలు చేసి పంపుతారు. ఆపిల్ రూపొందించగా చాలా యాప్‌లు వాడుతున్న పద్ధతిలో ఒక్కో ముక్క 6 సెకన్లు ఉండటం మామూలు. ముక్క పూర్తిగా తయారైతేగానీ బయల్దేరదు. ఇటు మన టీవీ మూడు ముక్కల వరకు దాచుకున్నాకే చూపించడం మొదలుపెడుతుంది, మధ్యలో నెట్ తడబడినా బొమ్మ ఆగకూడదని. మూడు ఆర్లు పద్దెనిమిది. తయారీకి, రవాణాకి పట్టే సమయం కలిపితే 20 సెకన్లు దాటిపోతుంది. 2019లో ఆపిల్ ఆ ముక్కల్ని ఇంకా చిన్నవిగా చేసి, తయారైనది తయారైనట్టు పంపే పద్ధతి తెచ్చింది. పెద్ద గంప నిండేదాకా ఆగకుండా గిన్నెడు గిన్నెడుగా అందించడమన్నమాట. ఎదురుచూపు తగ్గుతుంది, దాచుకోవడానికి కావలసిన చోటూ తగ్గుతుంది.

గోల్ ఆలస్యమైతే నవ్వుకుని ఊరుకుంటాం. మాట ఆలస్యమైతే అలా కాదు.

తటపటాయించావు కదా అక్కా

కొన్నేళ్ల కిందట నాన్నకి గుండె ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. రాజమండ్రిలో ఆస్పత్రి వరండాలోంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, సంతకం పెట్టమంటున్నారు. పెట్టేయనా?" నేను వెంటనే "పెట్టెయ్యి" అన్నాను. ఆ మాట వాడికి చేరేలోగా "ఏంటక్కా, ఏం ఆలోచిస్తున్నావు?" అని వాడు మళ్లీ మొదలుపెట్టాడు. ఇద్దరి మాటలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇద్దరం ఆగాం. ఇద్దరం మళ్లీ ఒకేసారి మొదలుపెట్టాం. చివరికి విషయం అర్థమైంది, వాడు సంతకం పెట్టాడు, నాన్న కోలుకున్నారు. కానీ ఆరునెలల తర్వాత ఏదో మాటల్లో తమ్ముడు అన్నాడు, "ఆ రోజు నువ్వు కూడా తటపటాయించావు కదా అక్కా" అని. నేను తటపటాయించలేదు. ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా వాడు విన్నది నా మాట కాదు, దానికి ముందున్న నిశ్శబ్దం.

ఇది మా ఇంట్లో మాత్రమే జరిగే విషయం కాదు. మనుషులు ఎదురెదురుగా మాట్లాడుకునేటప్పుడు ఒకరు ఆపాక మరొకరు అందుకునే మధ్య ఖాళీ ఎంత ఉంటుందో 2009లో పది భాషల్లో కొలిచారు. సగటున 200 మిల్లీసెకన్లు, అంటే సెకనులో అయిదో వంతు. అంతకంటే ఖాళీ పెరిగితే అవతలివాళ్లకి ఇష్టం లేదేమో, ఒప్పుకోరేమో అని మన మనసు అనుకుంటుంది. జర్మనీ పరిశోధకులు 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో ఇంకో సంగతి తేలింది. లైన్‌లో ఆలస్యం ఉందని తెలియనివాళ్లు ఆ తప్పుని లైన్ మీద వేయలేదు, అవతలి మనిషి మీద వేశారు. శ్రద్ధగా వినడం లేదని అనుకున్నారు.

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్, ఐటీయూ, ఫోన్ మాటకి ఒక హద్దు పెట్టింది. ఒక వైపు ప్రయాణం 150 మిల్లీసెకన్లలోపు ఉంటే చాలా సంభాషణలకి ఇబ్బంది ఉండదు. 400 దాటకూడదు. మనకీ మన ఊరికీ మధ్య జరిగే మాటలు చాలాసార్లు ఈ రెండు అంకెల మధ్య నలుగుతుంటాయి.

దూరం తప్పెంత?

దోహా నుంచి హైదరాబాద్‌కి గీత గీస్తే సుమారు 3,000 కిలోమీటర్లు. ఫైబర్ గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే 15 మిల్లీసెకన్లు. కేబుల్ సముద్రం అడుగున చుట్టూ తిరిగి రెండింతలు దూరం వెళ్లినా 30. ఐటీయూ హద్దులో అది అయిదో వంతు. మరి మిగతా సమయమంతా ఎక్కడ పోతోంది?

కాకినాడలో ఈసీఈ చదివిన రోజుల్లో ఈ ప్రశ్న నాకు పరీక్షలో వచ్చిందో లేదో గుర్తులేదుగానీ, తమ్ముడి మాట తర్వాత పాత పుస్తకాలు మళ్లీ తీశాను. జవాబులో పెద్ద భాగం రిసీవర్‌లో ఉంది. సిగ్నల్‌ని అందుకుని మళ్లీ మాటగానో బొమ్మగానో మార్చే ప్రతి పరికరంలోనూ ఒక రిసీవర్ ఉంటుంది. మన చేతిలో ఫోన్, టీవీ పక్కన సెట్‌టాప్ బాక్స్, గోడకున్న వైఫై రూటర్, అన్నిట్లోనూ.

గాల్లోంచి వచ్చే సిగ్నల్ ఎప్పుడూ శుభ్రంగా రాదు. కొన్ని బిట్లు చెడిపోతాయి. కొన్ని ఆలస్యంగా వస్తాయి. కొన్ని అసలు రావు. చెడినదాన్ని సరిచేయాలంటే ముందూ వెనకా ఏమొచ్చిందో చూడాలి. చూడాలంటే కాసేపు ఆగాలి. ఆగినంతసేపూ వచ్చినదాన్ని ఎక్కడో దాచాలి. ఆ దాచే చోటే మెమరీ. అందుకే ఆలస్యం, మెమరీ కవలపిల్లల్లాంటివి. ఒకటి పెరిగితే చాలాసార్లు రెండోదీ పెరుగుతుంది. పైగా మెమరీలో రాయడానికీ చదవడానికీ కరెంటు కావాలి, ఆ కరెంటు మన ఫోన్ బ్యాటరీదే. కాబట్టి రిసీవర్ ఇంజనీర్లు ఎప్పుడూ రెండు ప్రశ్నలు వేసుకుంటారు. దేనికోసం ఆగనక్కర్లేదు? దేన్ని దాచనక్కర్లేదు?

ఎంత వెనక్కి చూస్తే చాలు?

మొదటి ప్రశ్నకి అందమైన జవాబు 1967 నాటిది. ఆండ్రూ విటర్బీ చూపించిన పద్ధతి. ఇందులో పంపేవాళ్లు ఒక్కో బిట్‌ని దాని ముందు బిట్లతో కలిపి పంపుతారు. రిసీవర్ దగ్గర "అసలు పంపింది ఇదై ఉండొచ్చు" అనే ఊహలు కొన్ని ఉంటాయి. కొత్తగా వచ్చిన ప్రతి బిట్‌తోనూ వాటిలో అతకనివి వదిలేసి, అతికేవాటిని ముందుకి తీసుకెళ్తుంది. మామూలుగా అయితే మొదటి బిట్ ఏమిటో తేల్చడానికి సందేశం చివరిదాకా ఆగాలి. అంతసేపూ అన్ని ఊహల చరిత్రనూ దాచాలి.

అక్కర్లేదు. ఎందుకో మన పెళ్లిళ్లలో తెలుస్తుంది. ఇద్దరు కొత్తవాళ్లు విస్తరి ముందు పక్కపక్కన కూర్చుంటే, "మీదే ఊరు? మీ తాతగారి పేరేంటి?" అని మొదలవుతుంది. నాలుగైదు మెట్లు వెనక్కి వెళ్లేసరికి ఎక్కడో ఒకచోట చుట్టరికం కలుస్తుంది. ఈ ఊహలూ అంతే. ఈరోజు వేటికవి వేరుగా కనిపించినా, కొంచెం వెనక్కి వెళ్తే దాదాపు అన్నిటికీ ఒకే పూర్వం ఉంటుంది. కాబట్టి అంత వెనకటి బిట్ ఏమిటో నిశ్చింతగా తేల్చి చెప్పేసి, దాని చరిత్రని చెరిపేయొచ్చు. ఎంత వెనక్కి అంటే, ఒక బిట్ ప్రభావం ఎన్ని మెట్ల వరకు ఉంటుందో దానికి అయిదు రెట్లు అని ఇంజనీర్ల వాడుక లెక్క. ఆ ప్రభావం 7 మెట్లయితే సుమారు 35 మెట్లు. సందేశం వెయ్యి బిట్లున్నా లక్ష బిట్లున్నా రిసీవర్ ఆగేది ఆ 35కే, దాచేదీ ఆ మేరకే. మన మొదటి తరం డిజిటల్ సెల్‌ఫోన్లు మాట వినిపించింది ఈ పద్ధతితోనే.

అందరి వయసులూ రాసుకోనక్కర్లేదు

రెండో ప్రశ్న, దేన్ని దాచనక్కర్లేదు అన్నది, ఇంకా ఆసక్తికరం. 1960లో అమెరికాలోని ఎంఐటీలో రాబర్ట్ గాలగర్ అనే విద్యార్థి తన డాక్టరేట్ కోసం తప్పులు దిద్దే ఒక కొత్త రకం కోడ్ కనిపెట్టాడు. దాన్ని ఎల్‌డీపీసీ అంటారు. అది చాలా గట్టిది, కానీ ఆ రోజుల మెమరీతో, చిప్‌లతో నడపడం అయ్యే పని కాదు. ముప్పై ఏళ్లకు పైగా దాదాపు మరుగున పడింది. 1990లలో మళ్లీ వెలుగులోకి వచ్చింది. 2003లో రూపుదిద్దుకున్న డీవీబీ-ఎస్2 అనే ఉపగ్రహ టీవీ ప్రమాణం దాన్ని తీసుకుంది. 2016లో 5జీ కోసం కూడా అదే ఎంపికైంది.

గాలగర్ కోడ్‌లో బిట్లని గుంపులుగా పెడతారు. ఒక్కో బిట్ చాలా గుంపుల్లో ఉంటుంది. ప్రతి గుంపూ తనలోని ఒక్కొక్క బిట్‌కీ "నిన్ను పక్కన పెట్టి మిగతావాళ్లని చూస్తే, నువ్వు ఇలా ఉండాలి" అని సలహా చెబుతుంది. సలహా ఎంత గట్టిది అంటే, మిగతావాళ్లలో అందరికన్నా బలహీనుడికి ఎంత బలముందో అంత. డీవీబీ-ఎస్2లో ఒక పెద్ద ఫ్రేమ్‌కి 64,800 బిట్లు. ఇన్ని బిట్లకి, ఇన్ని గుంపులిచ్చే ఇన్ని సలహాలు, అదీ మళ్లీ మళ్లీ పలుమార్లు. అన్నీ రాసుకుంటే మెమరీ ఏమవుతుందో ఊహించండి.

ఇప్పుడు మీ కిట్టీ పార్టీకి 30 మంది వచ్చారనుకోండి. ఒక్కొక్కరినీ "మిమ్మల్ని మినహాయిస్తే ఈ గదిలో అందరికన్నా చిన్నవాళ్ల వయసెంత?" అని అడిగారు. 30 జవాబులు రాసుకోవాలా? అక్కర్లేదు. 29 మంది జవాబు ఒకటే, గదిలో అందరికన్నా చిన్నావిడ వయసు. ఆ చిన్నావిడ జవాబు మాత్రం వేరు, ఆమె తర్వాతి ఆవిడ వయసు. కాబట్టి రెండు వయసులు, ఆ చిన్నావిడ ఎవరన్నది, ఈ మూడూ గుర్తుంటే 30 జవాబులూ ఎప్పుడు కావాలంటే అప్పుడు చెప్పొచ్చు.

చిప్‌లో లెక్క వేద్దాం. ఒక్కో సలహాకి 6 బిట్లు అనుకుంటే 30 సలహాలకి 180 బిట్లు. దాని బదులు ఒక్కో సలహా అవునో కాదో అన్న గుర్తుకి ఒక్కో బిట్ చొప్పున 30, రెండు చిన్న విలువలకి అయిదేసి చొప్పున 10, ఆ చిన్నావిడ ఎవరో చెప్పడానికి 5. మొత్తం 45. పావు వంతుకి దిగింది.

ఇంకో మెలిక కూడా ఉంది. పెళ్లి వంటలో సాంబారు రుచి చూడటానికి అయిదుగురిని పిలిచారనుకోండి. అయిదుగురూ విడివిడిగా చూసి, చీటీలమీద రాసి, చివర్లో అన్నీ కలిపి ఉప్పు వేస్తే మళ్లీ మళ్లీ రుచి చూడాల్సి వస్తుంది. ఒకరు చూసి ఉప్పు సర్దాక రెండోవారు ఆ సర్దిన సాంబారునే చూస్తే పని తొందరగా తెమిలిపోతుంది, చీటీలూ అక్కర్లేదు. రిసీవర్‌లోనూ ఒక వరుస గుంపులు దిద్దిన విలువనే తర్వాతి వరుస వాడుకునేలా చేస్తే దిద్దే దఫాలు సుమారు సగానికి తగ్గుతాయి. దఫాలు సగమైతే ఆలస్యమూ ఆ మేరకు తగ్గినట్టే.

ఈ రెండు దారులనూ కలిపి చిప్ మీద చిన్న చోటులో ఎలా అమర్చాలన్న దాని మీద పనిచేసినవాళ్లలో కిరణ్ కుమార్ గున్నం ఒకరు. ఆ ఇంటిపేరు మనకి కొత్తేమీ కాదు. టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో గ్వాన్ చోయ్ దగ్గర పరిశోధన చేసి 2006లో ఆయన సమర్పించిన డాక్టరేట్ గ్రంథం సరిగ్గా దీని గురించే. సలహాల్ని దాచకుండా, కావలసిన క్షణంలో అప్పటికప్పుడు లెక్కగట్టే డీకోడర్లు. ఆ పని మీద యూనివర్సిటీకి పేటెంట్లు కూడా వచ్చాయి.

ఆ యూనివర్సిటీకి మన దోహాలోనూ క్యాంపస్ ఉంది. 2003 నుంచి ఎడ్యుకేషన్ సిటీలో ఇంజనీరింగ్ చెబుతున్నారు, ఎలక్ట్రికల్ కూడా అందులో ఉంది. 2028 నాటికి దాన్ని మూసేయాలని వాళ్ల పాలకమండలి 2024 ఫిబ్రవరిలో నిర్ణయించింది. మెట్రోలో ఎడ్యుకేషన్ సిటీ స్టేషన్ దాటిన ప్రతిసారీ నాకిప్పుడు ఆ కిట్టీ పార్టీ లెక్క గుర్తొస్తుంది.

సగం విన్న మాట పారేయొద్దు

2018 మేలో ఖతార్‌లో ఊరిడూ సంస్థ ప్రపంచంలో తొలి వాణిజ్య 5జీ నెట్‌వర్క్ తమదేనని ప్రకటించింది. అప్పటికి దాన్ని వాడుకోగల ఫోన్లు మార్కెట్‌లో లేవు, అది వేరే సంగతి. 5జీలో వేగం గురించి ప్రకటనలు చాలా చెప్పాయిగానీ, గిన్నె చిన్నది చేసిన విషయం అంతగా చెప్పలేదు. 4జీలో డేటా 1 మిల్లీసెకను గిన్నెల్లో వచ్చేది. 5జీలో చాలాచోట్ల వాడే అమరికలో అది అర మిల్లీసెకను. గిన్నె సగమైతే అది నిండేదాకా ఆగేదీ సగమే.

గిన్నె చెడిపోయి వస్తే? ఫోన్ మళ్లీ పంపమని టవర్‌ని అడుగుతుంది. అయితే మొదటిసారి వచ్చినదాన్ని పారేయదు. అమ్మ ఫోన్‌లో "రేపు తిరు..." అన్నాక గొంతు తెగిపోయిందనుకోండి. ఏంటమ్మా అని అడిగితే రెండోసారి "...మలకి వెళ్తున్నాం" అని మాత్రమే వినిపించింది. విడివిడిగా ఏ ఒక్కటీ చాలదు. రెండూ కలిపితే తిరుమల. ఫోన్ చేసేదీ ఇదే. మూడోసారి అడగాల్సిన పని తప్పుతుంది, ఆలస్యం తగ్గుతుంది. కానీ సగం విన్నదాన్ని దాచడానికి మెమరీ కావాలి. 5జీలో ఒకేసారి 16 వరకు ఇలాంటి బ్లాకులు నడుస్తుండొచ్చు. ప్రతి బిట్‌కీ "ఇది ఒకటే అని నాకు ఇంత నమ్మకం" అనే అంకె దాచాలి. అందుకే ఆ నమ్మకాన్ని ఎన్ని తక్కువ బిట్లలో రాస్తే పని జరుగుతుందో చూసి చూసి కుదిస్తారు. ఇక్కడ మాత్రం కవలలు విడిపోయారు. కొంచెం మెమరీ ఇచ్చి ఆలస్యాన్ని కొనుక్కోవడం.

వేడి దోసెల లెక్క

చివరి ఆగుడు మాట మన చెవికి చేరే ముందు జరుగుతుంది. నెట్ మీద వెళ్లే మాటని సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా పంపుతారు. బయల్దేరినప్పుడు సమంగా ఉన్నా, చేరేటప్పుడు ఒకటి ముందు, ఒకటి వెనక. వచ్చింది వచ్చినట్టు వినిపిస్తే గొంతు ముక్కలవుతుంది. అందుకని రిసీవర్ కొన్ని ముక్కల్ని పక్కన పెట్టుకుని సమంగా వదులుతుంది. దీన్నే జిట్టర్ బఫర్ అంటారు. ఆదివారం ఉదయం పెనం మీంచి దోసెలు ఒకే తీరుగా రావు కాబట్టి రెండు దోసెలు హాట్‌బాక్స్‌లో ఉంచుకుని వడ్డిస్తామే, అదే పద్ధతి. రెండు ఉంచితే తినేవాళ్లు ఆగనక్కర్లేదు. పది ఉంచితే చల్లారిపోతాయి. ఫోన్‌లో చల్లారిన దోసె అంటే ఆలస్యంగా వినిపించిన మాట.

మంచి యాప్‌లు హాట్‌బాక్స్ సైజుని నిమిష నిమిషానికీ మారుస్తుంటాయి. లైన్ బాగుంటే దాచింది తగ్గించడానికి మాటని చెవికి తెలియనంతగా వేగం పెంచుతాయి. బాగోకపోతే కాస్త సాగదీస్తాయి. ఈసారి అమ్మ "ఏఁవేఁ" అన్నది కాస్త సాగినట్టుంటే, అది ఆవిడ గారాబమో, ఆ యాప్ పనో చెప్పలేం.

దీన్ని సున్నా చేసేయొచ్చుగా అంటే, చేయలేం. దోసె ఒక్కటీ దాచకపోతే పెనం దగ్గర ఒక్క క్షణం ఆలస్యమైనా విస్తరి ఖాళీ. ఉపగ్రహం సంగతైతే అసలు మన చేతుల్లోనే లేదు. ఖతార్ సంస్థ ఎస్‌హైల్‌శాట్ 2018 నవంబర్ 15న పంపిన ఎస్‌హైల్-2లో హామ్ రేడియోవాళ్లకి ఒక భాగం ఇచ్చారు. భూమితో పాటు తిరుగుతూ ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టుండే ఉపగ్రహంలో వాళ్లకి చోటు దొరకడం అదే మొదలు. బ్రెజిల్ నుంచి థాయ్‌లాండ్ దాకా దాని నీడలోకి వస్తాయి, మన దేశం కూడా. అందులో మాట్లాడేవాళ్లకి తమ గొంతే పావు సెకను తర్వాత తిరిగి వినిపిస్తుంది. ఎంత గొప్ప రిసీవర్ పెట్టినా ఆ పావు సెకను పోదు. అది ప్రకృతి తీసుకునే సుంకం. మిగతాది మాత్రం మనుషులు పెట్టింది, కాబట్టి మనుషులు తగ్గించగలరు.

మనింట్లో ఏం చేయొచ్చు?

మెమరీ చవకయ్యాక రూటర్ తయారుచేసేవాళ్లు పెద్ద పెద్ద బఫర్లు పెట్టారు. ఎక్కువ ఉంటే మంచిదే కదా అని. దాంతో ఒక చిక్కొచ్చింది. మీరు అమ్మతో మాట్లాడుతుంటే పిల్లలు స్కూల్ వీడియో అప్‌లోడ్ చేస్తున్నారనుకోండి. మీ మాట ముక్కలు ఆ వీడియో వెనక లైన్‌లో నిలబడతాయి. లైన్ ఎంత పొడుగైతే అంత ఆలస్యం. 2012లో కాథ్లీన్ నికల్స్ అనే ఇంజనీర్, వాన్ జాకబ్సన్‌తో కలిసి దీనికి ఒక మందు చెప్పారు. లైన్ ఎంత పొడుగుందని చూడొద్దు, ఒక్కొక్కరూ ఎంతసేపు నిలబడుతున్నారో చూడండి. నిలబడేది 5 మిల్లీసెకన్లకన్నా తగ్గకుండా కొనసాగుతుంటే కొన్నిటిని వదిలేయండి, పంపేవాళ్లు తమంతట తామే నెమ్మదిస్తారు. కొత్తగా కొనే రూటర్‌లో ఇలాంటి సదుపాయం ఉందేమో అడగండి. లేకపోతే ముఖ్యమైన కాల్ ఉన్నప్పుడు ఇంట్లో అప్‌లోడ్లు, ఫొటోల బ్యాకప్ ఆపేయండి. ఖర్చులేని వైద్యం.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్ కూడా ఒక రిసీవరే. అదీ మాటని ముక్కలు చేసి, దాచి, వదులుతుంది. లైన్ ఆలస్యానికి తన ఆలస్యం కలుపుతుంది. గంటలకొద్దీ కబుర్లకి ఫర్వాలేదు. డాక్టర్ మాట్లాడుతున్నప్పుడు, ఇంట్లో పెద్ద విషయం తేల్చుకోవాల్సినప్పుడు వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, లేదా ఫోన్ నేరుగా చెవి దగ్గర పెట్టుకోండి. రూటర్ ఉన్న గదిలో కూర్చోండి.

ఇంకోటి, ఇది ఏ పరికరమూ చేయలేనిది. అవతలివైపు నిశ్శబ్దం వస్తే రెండు క్షణాలు ఆగండి. ముందు దాన్ని లైన్ ఖాతాలో రాయండి, మనిషి ఖాతాలో కాదు. అత్తగారు వెంటనే బదులు చెప్పలేదని, ఆడబిడ్డ ఊఁ కొట్టలేదని మనసులో పెట్టుకున్నవి ఎన్ని ఉన్నాయో, అందులో ఎన్ని రెండువందల మిల్లీసెకన్లవో ఎవరికి తెలుసు?

పోయిన నెల తమ్ముడికి ఇదంతా చెప్పాను. దోహా, హైదరాబాద్ మధ్య వెలుగుకి పట్టే 15 మిల్లీసెకన్లు, చుట్టరికాలు, కిట్టీ పార్టీ, దోసెలు, అన్నీ. వాడు మధ్యలో ఒక్క మాటా అడ్డం రాకుండా విన్నాడు. చెప్పడం అయ్యాక అటు నుంచి ఏమీ వినిపించలేదు. నేను ఆగాను.

"అంటే ఆ రోజు నువ్వు వెంటనే పెట్టెయ్యి అన్నావన్నమాట" అన్నాడు.

"వెంటనే అన్నానురా."

ఈసారి కూడా కాస్త ఖాళీ వచ్చింది. తర్వాత, "సరేగానీ అక్కా, నాన్నకి వైరున్నది ఒకటి కొంటాను. ఆయనకి బ్లూటూత్ చార్జింగ్ పెట్టడం ఎప్పుడూ గుర్తుండదు" అన్నాడు.